స్లీపరు డిపో కింది ఊట

మొన్న శ్రావణంలో మా అక్క కొడుకు విశాఖపట్నంలో కొత్త ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. వచ్చిన చుట్టాలందరూ వంటింటి అరలనూ, బాల్కనీలోంచి కనబడే సముద్రాన్నీ చూసి మెచ్చుకుంటుంటే, నేను మాత్రం హాల్లో వేసిన భోజనాల బల్ల దగ్గర ఆగిపోయాను. రైలు పట్టాల కింద పరిచిన పాత స్లీపరు చెక్కలు కొని, చిత్రిక పట్టించి, ప్రత్యేకంగా చేయించిన బల్లట అది. ఇప్పుడు అలాంటివి ఇంట్లో పెట్టుకోవడం ఒక గొప్పట. పైన ఎంత పాలిష్ పట్టించినా, ఆ వేళ పట్టిన ముసురుకి చెక్క కాస్త చెమ్మగిల్లి, లోపలి నుంచి సన్నగా తారు వాసన తేలి వచ్చింది. మరెవరికీ అది సోకినట్టు లేదు. పిల్లవాడు ప్రేమగా వడ్డించిన పులిహోర ఆ బల్ల మీదే తిన్నాను గానీ, తింటున్నంతసేపూ నేను అక్కడ లేను.

నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సిమెంటు స్లీపర్లు అన్ని చోట్లకీ రాకముందు రైలు పట్టాల కింద చెక్క దూలాలు ఉండేవి. ఎండాకాలంలో పట్టాల వెంట నడిస్తే వాటిలోంచి ఊరిన నల్లటి జిగురు చెప్పులకి అంటుకుని, ఇంటికొచ్చాక అమ్మ చేత చీవాట్లు తినిపించేది. ఆ చెక్కలు వానకి కుళ్ళకుండా, చెద పట్టకుండా వాటికి తారునూనె పట్టించే డిపో ఒకటి అరకు లోయలో, రైలు కట్టకి ఆనుకుని ఉండేది. తొంభైల మొదట్లో మా నాన్నకి అక్కడ బాయిలరు మీద పని దొరికింది. విజయనగరం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మేము, సొరంగాలలో దీపాలు వెలగని కిరండూలు పాసింజరెక్కి, ట్రంకు పెట్టె మీద నేనూ, బియ్యం మూట మీద అమ్మా కూర్చుని, ఆ కొండల్లోకి వెళ్ళాం. అక్కకి అప్పటికే పెళ్ళైపోయింది. నేను హైస్కూల్లో చేరే వయసులో ఉన్నాను. ఒక సొరంగం దాటగానే వెలుగు, ఆ వెలుగులో లోయ, చూసేలోపే మళ్ళీ చీకటి. అమ్మ ప్రతి సొరంగంలోనూ నా చెయ్యి పట్టుకుంది. భయం నాకేమో అని పట్టుకుందని అనుకున్నాను గానీ, భయం తనకేనని చాలా ఏళ్ళ తరవాత చెప్పింది.

డిపో అంటే పెద్ద కర్మాగారమేమీ కాదు. రేకుల షెడ్డు, చెక్కలు దొంతరలుగా పేర్చే మైదానం, రైలు పెట్టెంత పొడవున్న ఇనుప సిలిండరు, దాని పక్కన బాయిలరు గది. చెక్కల్ని చిన్న ట్రాలీల మీద సిలిండరులోకి తోసి, తలుపు బిగించి, కాగిన తారునూనెని ఒత్తిడితో ఎక్కించేవారు. బయటికొచ్చేసరికి అవి నల్లగా, పొగలు కక్కుతూ, ఇప్పుడే నిద్ర లేచిన ఎనుబోతుల్లా ఉండేవి. ఆ వాసన మా బట్టల్లో, అన్నంలో, జడలో ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల మొదటి వారం ముక్కు మూసుకుంది. రెండో వారానికి మరిచిపోయింది.

చలికాలంలో బాయిలరు గది గోడ బయటి వైపు వెచ్చగా ఉండేది. అరకు చలి తెలిసినవాళ్ళకి ఆ గోడ విలువ చెప్పక్కర్లేదు. మంచు పట్టిన పొద్దున్నే డిపో కింద వాలులో ఉన్న గూడెం నుంచి ఆడవాళ్ళు చంటిపిల్లల్ని వీపుకి కట్టుకుని వచ్చి, ఆ గోడకి చేరబడి కాసేపు కూర్చునేవారు. తడిసిన బట్టలు ఆరవేసుకునేవారు. డిపో మేనేజరుకి అది నచ్చేది కాదు, వాళ్ళని లోపలికి రానివ్వొద్దనేవాడు. నాన్న ప్రతిసారీ అలాగేనండీ అని తల ఊపి, మేనేజరు అటు తిరగగానే గేటు తలుపు కొద్దిగా తెరిచి ఉంచేవాడు. ఆ గోడ దగ్గరే అమ్మకి ఒకావిడతో స్నేహం కలిసింది. అమ్మకంటే పెద్దది, సన్నగా, ముక్కుకి మూడు పోగులతో, ఎప్పుడూ ఏదో పని చేతిలో ఉండే మనిషి. గూడెంలో ఊట దగ్గరి ఇల్లు ఆవిడదే కాబట్టి నేను ఊట పెద్దమ్మ అని పిలిచేదాన్ని.

ఆ ఊట గురించి చెప్పాలి. డిపో మైదానం అంచు దాటి వాలులోకి దిగితే, రెండు బండల మధ్య నుంచి ఏడాది పొడుగునా నీళ్ళు వచ్చేవి. చీల్చిన వెదురు బొంగు ఒకటి దోనెలా అమర్చి, దాని కిందే బిందె పెట్టుకునేవారు. మిగిలిన నీళ్ళు కిందికి జారి గెడ్డలో, అంటే కొండవాగులో కలిసి, మడుల్లోకి పోయేవి. డిపో క్వార్టర్లకి బోరు నీళ్ళు వచ్చేవి గానీ అవి తుప్పు కంపు కొట్టేవి. అమ్మ తాగే నీళ్ళకి ఊటకే వెళ్ళేది. మొదటి వానాకాలం అమ్మకి చలిజ్వరం పట్టుకుని, నాన్న బాయిలరు వదిలి రాలేక, నేను ఏం చెయ్యాలో తెలియక ఏడుస్తుంటే, ఊట పెద్దమ్మ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. తడిగుడ్డలు వేసింది, రాగి అంబలి పట్టింది, ఆసుపత్రి జీపు వచ్చేదాకా అమ్మ తల ఒళ్ళోంచి దించలేదు. ఆ తరవాత ఆవిడ మా నాన్నని తమ్ముడా అనడం, నాన్న ఆవిడని అప్పా అనడం మొదలైంది. ఆ లెక్కన ఆవిడ నాకు అత్త కావాలి గానీ పెద్దమ్మగానే ఉండిపోయింది. వరసలు అలా కలిసిపోయేవి ఆ రోజుల్లో.

షెడ్డు వెనకాల ఒక గొయ్యి ఉండేది. సిలిండరు కడిగినప్పుడు అడుగున మిగిలే నల్లటి మడ్డిని అందులో పోసేవారు. పిల్లలం దాని దగ్గరికి పోకూడదని కట్టడి. పోకూడదన్న చోటికే కదా పిల్లలు పోయేది. ఆకాశం అందులో స్పష్టంగా కనబడేది, నీళ్ళలో కంటే స్పష్టంగా. మేఘం కదిలితే కదిలేది గానీ అల మాత్రం లేచేది కాదు. ఒకసారి గూడెం వాళ్ళ మేకపిల్ల అందులో పడితే, ఊట పెద్దమ్మ కొడుకు, నేను అన్నయ్య అని పిలిచే అతను, దాన్ని పైకి లాగాడు గానీ అది బతకలేదు. అతని చేతుల మీది నలుపు పోవడానికి పెద్దమ్మ కొబ్బరిపీచూ బూడిదా పెట్టి రుద్దుతూ, తిడుతూ, మళ్ళీ రుద్దుతూ కూర్చుంది.

సిమెంటు స్లీపర్లు రాగానే డిపోకి రోజులు దగ్గర పడ్డాయి. నేను విశాఖపట్నంలో డిగ్రీ చదువుతుండగా మూసేశారు. బాయిలరు చల్లారిన రోజు నాన్న ఇంటికి వచ్చి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, మళ్ళీ డిపో వైపే వెళ్ళాడని అమ్మ రాసింది. క్వార్టరు ఖాళీ చేశాక సంతవీధిలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. మిగతా పనివాళ్ళంతా కొండ దిగి వెళ్ళిపోయారు. నాన్న మాత్రం దిగలేదు. కాఫీ పళ్ళ తోలు తీసే మిషన్లు బాగుచేస్తూ, పంపుసెట్లు విప్పి బిగిస్తూ, డిపో మళ్ళీ తెరుస్తారని కాచుకున్నాడు. ఎవరు చెప్పారు తెరుస్తారని అంటే, షెడ్డు కూల్చలేదు కదా, అనేవాడు.

నాకు రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యాక, పర్యావరణ పరిశీలనలు చేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఏదైనా కొత్త కట్టడం తలపెట్టినప్పుడు అక్కడి మట్టికీ, నీటికీ, గాలికీ, మనుషులకీ దాని వల్ల ఏమవుతుందో ముందే చూసి రాసివ్వడం మా పని. దాన్ని నడిపేది కాలేజీ లెక్చరరు ఉద్యోగం మానుకుని వచ్చిన ఒక పెద్దావిడ. మేము మేడం అనేవాళ్ళం. నూలుచీర కుచ్చిళ్ళు పైకి దోపి, కాన్వాసు బూట్లు వేసుకుని గట్లెక్కేది. జలగలంటే మాత్రం ప్రాణభయం. ఒక్క జలగ కనబడితే ఆవిడ చదువంతా ఎగిరిపోయి, జీపెక్కి కూర్చునేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు, మేడం నన్ను పిలిచి, అరకులో మూతపడిన ఒక పారిశ్రామిక స్థలాన్ని బిజినెస్ పార్కుగా మార్చే పథకం ఉందనీ, దాని పరిశీలన మనకే వచ్చిందనీ చెప్పింది. కొండల చల్లదనంలో కంప్యూటరు ఆఫీసులు, శిక్షణ కేంద్రం, సమావేశాల హాలు. స్థలం ఏదో అడగకుండానే నాకు తెలిసిపోయింది. ఆ శనివారం ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరింది. నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"గుంటా, మన డిపో మళ్ళీ లేస్తాదంట! రిపోర్టు రాసేది నువ్వేనంట గదా! ఇంకేటి కావాలే నాకు?"

అంతటి సంతోషం ఆయన మొహంలో నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. పార్కు వస్తే పంపులూ జనరేటర్లూ చూసుకునే పని తనకి ఇస్తామని ఆ కంపెనీ మనిషి ఒకాయన అప్పటికే మాట ఇచ్చాడట. అమ్మ పాయసం చేసింది.

వలిసెపూలు విరగబూసి లోయంతా పసుపు రాసినట్టున్న కాలం అది. మేడంతో కలిసి మేము డిపోలో దిగాం. షెడ్డు రేకులు ఎగిరిపోయి, ట్రాలీ పట్టాల మధ్య అడ్డతీగలు అల్లుకున్నాయి. కంపెనీ వాళ్ళిచ్చిన రంగుల పటం జీపు బానెట్టు మీద పరుచుకుని చూశాం. అద్దాల భవనాలు, పచ్చిక, దారుల పక్కన దీపాలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. గూడెం వైపు వాలు ఉన్నచోట మాత్రం పటంలో వాలు లేదు. దాన్ని చదును చేసి కార్లు నిలుపుకునే చోటు గీశారు. ఊట గుర్తు ఎక్కడా లేదు. రెండు బండలూ, వెదురు దోనే, బిందెలూ ఉన్న తావు మీద కార్ల బొమ్మలు వరసగా ఉన్నాయి.

ఊట నీళ్ళు పరీక్షకి తీసుకుంటుంటే పెద్దమ్మ ఇంట్లోంచి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. నా చేతిలోని సీసా చూసి నవ్వింది.

"సిన్నప్పుడు దోసిట్తో తాగీదానివి. ఇప్పుడేటి, సీసాలకెత్తుకుపోతన్నావు?"

పార్కు సంగతి ఆవిడకి తెలుసు. అన్నయ్యకి అక్కడ పని దొరుకుతుందని ఆశ ఉంది, ఊట పోతుందని దిగులూ ఉంది. రెండూ ఒకే గొంతుతో చెప్పింది. అన్నయ్య మాత్రం ఆశే మాట్లాడాడు. పసుపూ మిరియాలూ మోసుకుంటూ ఎన్నాళ్ళు బతుకుతాం చెల్లీ, మా పిల్లలు ఎండలో పనిచేసి ఎన్నాళ్ళు, అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు.

నీళ్ళు మంచివేనని తేలింది. కానీ వాలులో కాస్త లోతు నుంచి తీసిన మట్టిని మేడం ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఇదెక్కణ్ణించి వస్తోంది అంది, నన్ను కాదు, తనలో తను. నాకు తెలుసు. షెడ్డు వెనకాల, గడ్డి మిగతా చోట కంటే పల్చగా మొలిచిన ఆ జాగాలో ఒకప్పుడు ఆకాశం కనబడేది. డిపో మూసేటప్పుడు దాన్ని మట్టివేసి పూడ్చారు. కొండని తొలిచి వాలు చదును చేస్తే, జిగట మన్ను పట్టి ఉంచిన ఆ మడ్డి కదిలి ముందుగా చేరేది ఊటకే.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నాన్నని అడిగాను, గొయ్యి ఎంత మేర ఉండేదని. ఆయన ముద్ద కలపడం ఆపాడు.

"ఏ గొయ్యి?"

షెడ్డు వెనకాలది అన్నాను. అమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"పూడ్సీసిన గొయ్యి ఊసు ఇప్పుడెందుకే? దాని జోలికెల్తే ఆళ్ళు ఎనక్కి పోతారు. ఇన్నాళ్ళు కాసుక్కూసున్నాను. నీ సేతుల్తో నా నోటికాడ కూడు తీసీకు."

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నాన్న నన్ను ఎన్నడూ కొట్టి ఎరగడు. ఆ మాట దెబ్బ కంటే గట్టిగా తగిలింది. తెల్లవార్లూ ఆలోచించాననీ, గుండె చీలిపోయిందనీ చెబితే అబద్ధమే అవుతుంది. అలసిపోయి నిద్రపోయాను. పొద్దున్న లేచేసరికి మాత్రం ఏం చెయ్యాలో తెలిసే ఉంది. అది తెలిసినందుకే దుఃఖం వచ్చింది.

మేడంకి గొయ్యి సంగతి చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, మీ నాన్నగారికి చెప్పే వచ్చావా అని అడిగింది. చెప్పే వచ్చానన్నాను. గూడెం కుర్రాళ్ళ చేత అక్కడ తవ్వించాం. పైమట్టి ఎర్రగా వచ్చింది, తరవాత బూడిదరంగు, ఆ తరవాత నల్లగా, తడిగా, నిన్న మొన్న పోసినట్టే మెరుస్తూ వచ్చింది. ఆ వాసనకి తవ్వుతున్న వాళ్ళు వెనక్కి తగ్గారు. నాకు మాత్రం, ఎందుకో, పదమూడేళ్ళ పిల్లగా ఆ మైదానంలో పరిగెత్తిన సాయంత్రాలు ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. విషమని తెలిసీ ఆ వాసన నాకు ఇంటి వాసనే. ఈ మాట నేను ఏ రిపోర్టులోనూ రాయలేదు.

నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. నేను వస్తే పెరట్లోకి పోయేవాడు, నేను పెరట్లోకి వెళితే వీధిలోకి. వీధిలో జనం ఆయన్నే అడిగేవారు, ఏమయ్యా, మీ అమ్మాయి పార్కు ఆపించేస్తోందట గదా అని. అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం ఆయన అమ్మతో కలిసి ఊటకి వెళ్ళాడట. డిపో మూశాక అటు దిగడం అదే మొదలు. పెద్దమ్మ ఎప్పట్లాగే చెంబుతో నీళ్ళు ముంచి చేతికిచ్చిందట. గొయ్యి ఊసు ఎత్తలేదట, నా ఊసూ ఎత్తలేదట. నాన్నే అడిగాడట.

"నీళ్ళు ఏటైనా వాసనేత్తన్నాయా అప్పా?"

"ఇప్పటికైతే లేదు తమ్ముడా. రేపటి మాట నానేటి సెప్పగలను?"

నాన్న చెంబుడు నీళ్ళూ తాగి, చెంబు బోర్లించి బండ మీద పెట్టి, ఎక్కి వచ్చేశాడని అమ్మ చాలా రోజుల తరవాత నాకు చెప్పింది.

ప్రజాభిప్రాయ సేకరణ డిపో మైదానంలోనే పెట్టారు. షామియానా, మైకు, వేదిక మీద అధికారులు, ముందు వరసలో కంపెనీ వాళ్ళు. చుట్టుపక్కల గూడేల నుంచి జనం వచ్చారు, సంతవీధి షావుకార్లు వచ్చారు. జరిగినదంతా రాసుకోవడం నా పని కాబట్టి పక్కగా ఒక కుర్చీలో కూర్చున్నాను. కంపెనీ తరఫున ఒకాయన రంగుల పటం చూపించి చక్కగా మాట్లాడాడు. మేడం గొయ్యి సంగతీ, వాలు సంగతీ చెబితే, ఆయన నవ్వి, ఎప్పుడో రోడ్డు వెయ్యడానికి తెచ్చిన తారు కాస్త మిగిలి ఉంటుందండీ, దానికింత భయమెందుకు అన్నాడు. అన్నయ్య లేచి, మాకు పని కావాల, అడ్డం పెట్టకండి అని గట్టిగా అన్నాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ మైకు దగ్గరికి వెళ్ళి, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక, చీర కొంగుతో పట్టుకుంది.

"పారుకు వద్దనట్లేదు బాబూ. ఊట మీద కార్లెట్టీస్తే మేమేటి తాగాలి?"

అంతే అని వచ్చేసింది. తల్లీ కొడుకులు ఒకే చోట, మొహాలు చూసుకోకుండా కూర్చున్నారు. అప్పుడు వెనక వరసల్లోంచి నాన్న లేచాడు. ఆయన వచ్చాడని కూడా నాకు తెలియదు. మైకు దాకా నడిచి వెళ్ళడానికి ఆయనకి చాలాసేపు పట్టినట్టనిపించింది.

"నాను ఈ డిపోలో బాయిలరు మీద పన్జేసినోడ్ని. అది రోడ్డు తారు కాదు బాబూ, మడ్డి. డిపో నడిసినన్నాళ్ళూ ఆ గోతిలోనే పోసినాం. మూసినప్పుడు మట్టేసి కప్పినాం. కప్పినోళ్ళలో నానూ ఉన్నాను."

ఆయన నా వైపు చూడలేదు, కంపెనీ వాళ్ళ వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఇక్కడ పని రావాలని నాకంటే ఎక్కువ కోరుకున్నోడు ఎవుడూ లేడు. రండి, కట్టండి. గానీ ముందు ఆ మడ్డి తియ్యండి, ఊట జోలికి పోకండి. కార్లు ఎక్కడన్నా ఎట్టుకోవచ్చు. ఊటని ఎక్కడికి ఎత్తుకెల్లి ఎడతాం?"

తిరిగి వచ్చి అమ్మ పక్కన కూర్చుని మొహం తుడుచుకున్నాడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కాసేపటికి అన్నయ్య లేచి వెళ్ళి, గ్లాసుడు నీళ్ళు తెచ్చి నాన్నకి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాన్న నా కంచం తన కంచం పక్కన వేయించుకుని కూర్చుని ఉన్నాడు. వంకాయ కూర బాగుంది, ఇంకొంచెం వేసుకో అన్నాడు.

పార్కుకి అనుమతి వచ్చింది, షరతులతో. ముందు గొయ్యి శుభ్రం చెయ్యాలి, వాలు ముట్టుకోకూడదు, పై మైదానంలోనే కట్టుకోవాలి. దానితో పథకం చిక్కిపోయింది, చాలాకాలం ఏ కదలికా లేదు. నాన్నకి మాట ఇచ్చిన ఆ కంపెనీ మనిషి మళ్ళీ కనబడలేదు. కొందరు కుర్రాళ్ళు సంతలో ఎదురైతే మొహం తిప్పుకునేవారు. నాన్న అదంతా భరించాడు. చివరికి మడ్డి తీసేవాళ్ళు వచ్చినప్పుడు, గొయ్యి అంచులు చూపించమని ఆయన్నే పిలిచారు. ఆ చలికాలమంతా ఆయన అక్కడే ఉన్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, డ్రమ్ములు సరిగ్గా మూసుకున్నాయో లేదో తట్టి చూసుకుంటూ, లారీలు ఘాటీ దిగేదాకా నిలబడి చూస్తూ. డిపోలో ఆయన చేసిన ఆఖరి పని అదే. అమ్మ అనేది, ఆ నాలుగు నెలలూ ఆయనకి ఆకలి బాగా వేసిందని.

పార్కు తెరిచిన రోజున మేమంతా వెళ్ళాం. చిన్నవే అయినా అందమైన భవనాలు. నాన్నని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు, ఆయన అనుకోనూ లేదు. ఒకప్పటి బాయిలరు గది ఉన్నచోటికి వెళ్ళి, అక్కడి అద్దం గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "సల్లగా ఉందే" అన్నాడు నాతో. ఆయన నవ్వాడో లేదో నాకు గుర్తు లేదు.

కంప్యూటరు కంపెనీలు ఒకటో రెండో వచ్చాయి. వానలకి కరెంటు పోయి, ఘాటీలో కొండచరియలు పడి దారి మూసుకుపోయి, అవి వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఆ భవనాల్లో ఇప్పుడు కొంత శిక్షణ కేంద్రం, మిగతాది యాత్రికుల బస. అన్నయ్యకి అక్కడ తోటపని దొరికింది. ఇప్పటికీ చేస్తున్నాడు. అతను వేసిన సిల్వర్ ఓక్ చెట్లు ఆ భవనాల కంటే ఎత్తు పెరిగాయి. నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ నా దగ్గరికి వచ్చి, కొండల ఊసు చెబుతూ చెబుతూ ఆయన వెనకే వెళ్ళిపోయింది. పెద్దమ్మ పోయిన కబురు నాకు ఆలస్యంగా తెలిసింది.

కిందటేడు ఒక్కదాన్నే వెళ్ళాను. అన్నయ్య ఊట దాకా తీసుకెళ్ళాడు, దారి తను కత్తితో కొడితే గానీ దొరకలేదు. గూడెంలో ఇంటింటికీ కుళాయి వచ్చింది, అది రాని రోజున ఆటోలో నీళ్ళ డబ్బాలు వస్తాయి. ఊట నీళ్ళకి ఎవరూ దిగడం లేదు. వెదురు దోనె లేదు. నీళ్ళు మాత్రం ఆ రెండు బండల మధ్య నుంచి వస్తూనే ఉన్నాయి, కింద మడులు పచ్చగా ఉన్నాయి. దోసిలి పట్టి తాగాను. పిల్లలకి ఈ చోటు తెలుసా అని అడిగితే, పెద్దోడికి తెలుసు, సిన్నదానికి తెలీదు, అన్నాడు అన్నయ్య. ఆడవాళ్ళ బిందెల చప్పుడూ, అమ్మా పెద్దమ్మా ఎడతెగకుండా చెప్పుకునే కబుర్లూ లేని ఆ చోట, నీళ్ళ చప్పుడు మరీ పెద్దగా వినిపించింది.

ఇంత కష్టపడి నిలుపుకున్న నీళ్ళని ఇప్పుడు ఎవరూ తాగడం లేదే అని బాధపడ్డానా అంటే, ఆ బాధ కాదు. కుళాయి గుమ్మంలోకి రావడం మంచిదే, బిందె మోసిన నడుములకి ఆ సంగతి తెలుసు. నా బెంగ వేరు. ఆ వాలులో ఎవరింటికి వెళ్ళినా, చెంబు చేతికిస్తూనే ఆ నీళ్ళు ఎక్కడివో చెప్పేవారు. ఫలానా బండ కిందివి, నిన్నటి వానకి కాస్త ఒగరు పట్టాయి, రేపటికి తేరుకుంటాయి అని. నీళ్ళ పుట్టుక గురించి మాట్లాడుకోవడం అక్కడ యోగక్షేమాలు అడిగినంత మామూలు. ఊరూరా నీళ్ళు పరీక్షించడమే బతుకుదెరువుగా గడిపిన నేను, పొద్దున్నే మా వంటింట్లో కుళాయి తిప్పుతాను. వచ్చేవి ఏ కొండవో, ఏ గెడ్డవో, వాటి పైన ఇవాళ ఎవరు ఏం చదును చేస్తున్నారో నాకు తెలియదు. పక్కింటివాళ్ళని అడిగి చూశాను. పంపు ఎన్నింటికి వేస్తారో చెప్పారు.